ఎర్రర్లు తక్కువుంటే మంచి ఫీల్డరేనా? జీటర్, ఆజీ స్మిత్ లెక్కలు

బేస్‌బాల్ గురించి మీ ప్రశ్న ఇది: పేరున్న ఇద్దరు షార్ట్‌స్టాప్‌లలో (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్లు) డెరెక్ జీటర్ ఫీల్డింగ్ పర్సంటేజ్, అంటే చేతికొచ్చిన బంతుల్లో తప్పు (ఎర్రర్) లేకుండా ఆడినవాటి వాటా, .976, ఆజీ స్మిత్‌ది .978. తేడా లేనట్టే కదా, మరి ఆజీనే ఎందుకు ఆకాశానికెత్తుతారు?

ఎందుకంటే ఆ పర్సంటేజ్ చేతిదాకా వచ్చిన బంతుల్నే లెక్కేస్తుంది. అందకుండా పక్కనుంచి వెళ్లిపోయినవి ఆ లెక్కలోకే రావు. ఈ సంగతి నాకు మా అబ్బాయి టీమ్‌కి స్కోర్‌బుక్ రాస్తున్నప్పుడు తెలిసొచ్చింది.

మేం అమెరికాలో సెయింట్ లూయిస్‌లో ఉంటాం. మావాడికి పదేళ్లప్పుడు ఆ టీమ్‌లో షార్ట్‌స్టాప్‌గా ఇద్దరు పిల్లలు మార్చి మార్చి ఆడేవారు. ఒకడు తన మీదకొచ్చిన బంతిని చక్కగా పట్టి విసిరేవాడు, రెండడుగులు పక్కకి పోతే మాత్రం చూస్తూ వదిలేసేవాడు. రెండోవాడు, మా తెలిసినవాళ్ల అబ్బాయి, ప్రతి బంతి వెంటా పడేవాడు. ఒక శనివారం మూడో బేస్ వైపు దూసుకెళ్తున్న బంతికి అడ్డంగా దూకాడు. బంతి గ్లోవ్ కొసకు తగిలి జారిపోయింది. నేను పెన్సిల్‌తో ‘ఈ6’ అని రాశాను, అంటే షార్ట్‌స్టాప్ ఎర్రర్. గేమ్ అయ్యాక వాడు మోకాళ్ల నిండా మట్టితో వచ్చి పుస్తకంలోకి తొంగి చూసి, “నేను దూకకపోతే అది హిట్ అని రాసేవారు కదా అంకుల్?” అన్నాడు. హిట్ అంటే ఫీల్డర్ తప్పేం లేదు, బ్యాటర్ కొట్టి బేస్ చేరాడని.

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి రూల్ తీసి చదివాను. మామూలు ప్రయత్నంతో ఔట్ చేయగలిగిన బంతిని పాడుచేస్తేనే ఎర్రర్. తప్పు నాదే. చెరిపేసి హిట్‌గా మార్చి, తర్వాతి ప్రాక్టీస్‌లో వాడికి చూపించాను.

ఇప్పుడు మీరడిగిన జీటర్, ఆజీల దగ్గరికి వద్దాం. షార్ట్‌స్టాప్‌గా ఆజీ 2,511 గేముల్లో 8,375 అసిస్ట్‌లు చేశాడు. ఆ పొజిషన్‌లో అదే రికార్డు. అసిస్ట్ అంటే ఎక్కువగా బంతి పట్టి విసిరి రన్నర్‌ని ఔట్ చేయించడమే. జీటర్ అంతకంటే ఎక్కువ, 2,674 గేములు ఆడాడు, అసిస్ట్‌లు 6,605. గేముకి చూస్తే 3.3 ఎక్కడ, 2.5 ఎక్కడ! 150 గేముల సీజన్‌లో అది 130 దాకా తేడా. ఎర్రర్లు చూస్తే ఆజీవి 281, జీటర్‌వి 254. గేములు తక్కువ ఆడినా ఆజీకే ఎర్రర్లు ఎక్కువ. అన్నేసి బంతుల దగ్గరికి వెళ్లాడు కాబట్టే అన్ని ఎర్రర్లు వచ్చాయి.

జీటర్‌కి అన్యాయం చేయకూడదు. అతని కాలంలో స్ట్రైకౌట్లు (బ్యాటర్ బంతిని ఆటలోకి కొట్టకుండానే ఔటవడం) పెరిగాయి, కాబట్టి షార్ట్‌స్టాప్ దాకా వచ్చే బంతులే తగ్గాయి. తేడా మొత్తం అతని కాళ్ల మీద వేయలేం. కానీ 2003 నుంచి లెక్కిస్తున్న డీఆర్‌ఎస్‌లో కూడా అతను బాగా మైనస్‌లోనే ఉన్నాడు. ఇది క్రికెట్ రివ్యూ కాదు, ఫీల్డర్ ఎన్ని పరుగులు ఆపాడో చెప్పే కొలత.

“మరి జీటర్‌కి ఐదు గోల్డ్ గ్లోవ్‌లు, అంటే మంచి ఫీల్డర్‌కిచ్చే అవార్డులు, ఎలా వచ్చాయి?” అంటారేమో. ఆ అవార్డుకి ఓటేసేది మేనేజర్లు, కోచ్‌లు. బ్యాటింగ్ పేరు కూడా ఓట్లు తెస్తుంది. 1999లో రఫాయెల్ పాల్‌మెయిరోకి ఫస్ట్ బేస్‌లో గోల్డ్ గ్లోవ్ ఇచ్చారు, ఆ ఏడాది అతను అక్కడ ఆడింది 28 గేములే! 2013 నుంచి గణాంకాలకూ దాదాపు పావు వంతు వాటా ఇచ్చారు. ఆజీకి 1980 నుంచి 1992 దాకా వరసగా 13 వచ్చాయి, వాటి మీద నాకే అనుమానమూ లేదు.

ఒక్క ఎర్రర్‌తోనే ఆటగాణ్ని తూచడం ఇంకా ఉంది. ఫస్ట్ బేస్ ఆటగాడు బిల్ బక్నర్ పేరు వింటే ఇప్పటికీ 1986 వరల్డ్ సిరీస్ (సీజన్ ఫైనల్) ఆరో గేమ్‌లో కాళ్ల మధ్యనుంచి పోయిన ఆ ఒక్క బంతే చెప్తారు. దానికి ముందు ఏడాదే అతను ఫస్ట్ బేస్‌లో 184 అసిస్ట్‌లు చేశాడని ఎవరూ అనరు. నాకది చాలా బాధగా ఉంటుంది.

ఇప్పటి ఆటగాళ్లనైతే కెమెరాలతో ఆటను కొలిచే స్టాట్‌కాస్ట్ వ్యవస్థ ఇచ్చే ‘ఔట్స్ అబవ్ యావరేజ్’తో (సగటు ఫీల్డర్ కంటే ఎన్ని ఔట్లు ఎక్కువ చేశాడో) పోల్చండి. ఎంత దూరం పరిగెత్తాలి, ఎంత టైముంది అన్నది కూడా అందులో కలుస్తుంది. పాతవాళ్లకైతే ముందు ఎన్ని ఇన్నింగ్స్ ఆడారో, ఎన్ని అసిస్ట్‌లు చేశారో చూసి, పర్సంటేజ్ ఆఖర్న చూడండి.