చిట్టాలో మీ పని ఎప్పుడూ అడుగునే ఉంటే

ప్రశ్న: మాది కావలి. నాకు 33 ఏళ్లు. సోషల్‌తో బీఈడీ చేశాను, టెట్‌లో 92 మార్కులు వచ్చాయి. మా ఆయన అల్లూరు వైపు రొయ్యల గుంటలు చూసుకుంటారు. పాప రెండో తరగతి. అత్తగారు మాతోనే ఉంటారు. ఎట్లయినా డీఎస్సీ కొట్టాలని పట్టుదల. పోయిన రొట్టెల పండక్కి నెల్లూరు పోయి ఉద్యోగ రొట్టె కూడా పట్టుకున్నాను. రోజూ రాత్రి మరుసటి రోజు పనులన్నీ డైరీలో రాసుకుంటాను. సాయంత్రానికి ఇంటి పనులన్నిటికీ టిక్కులు పడతాయి. ‘చదవాలి’ అన్నది మాత్రం మిగిలిపోతుంది. ‘ఏందమ్మా రోజూ ఆ రాతలు’ అంటారు అత్తగారు. నేనే సోమరినేమోనని రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

జవాబు: మీరు సోమరి కాదమ్మా. సోమరులైతే ఆ డైరీలో అన్ని టిక్కులు పడవు. పాప క్యారేజీ, అత్తగారి మాత్రలు, గ్యాస్ బుకింగ్, కరెంటు బిల్లు అన్నీ వేళకు జరిగిపోతున్నాయి. వాటిలో ఏది తప్పినా అడిగేవాళ్లున్నారు. మీ చదువు తప్పితే ఆ ఇంట్లో అడిగేవాళ్లు లేరు. ఆ పని రోజూ అడుక్కి జారిపోతున్నది అందుకే.

ఇంకో సంగతి. ‘చదవాలి’ అన్నది కోరికే తప్ప పని కాదు. మీ ఆయన గుంటల దగ్గర రాసుకునే పుస్తకం ఒకసారి తెరిచి చూడండి. ‘రొయ్యలు బాగా ఎదగాలి’ అని అందులో ఎక్కడా ఉండదు. ఏ గుంటకి, ఎన్నింటికి, ఎన్ని కిలోల మేత వేశారు, చెక్ ట్రేలో ఎంత మిగిలింది, ఇదే ఉంటుంది. మీరూ అట్లాగే రాయండి: ‘పాప బస్సెక్కినాక, 8.45కి, ముందు గదిలో, ఏడో తరగతి సాంఘికంలో మొఘల్ సామ్రాజ్యం సగం పాఠం, 10 బిట్లు.’ పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీనిమీద ఏళ్ల తరబడి పరిశోధించారు. ఊరికే ‘చేస్తాను’ అనుకున్నవాళ్లకంటే ఎప్పుడు, ఎక్కడ అన్నది ముందే తేల్చుకున్నవాళ్లు ఎక్కువగా పని పూర్తి చేస్తారని ఆయన చూపించారు.

మీ నిద్రకీ దీనికీ సంబంధం ఉంది. మాసికాంపో, బామైస్టర్ అనే ఇద్దరు 2011లో ప్రచురించిన ప్రయోగాల్లో, పూర్తికాని పని మనసులో మెదులుతూ వేరే పనిమీద ధ్యాస నిలవనీయలేదు. దాన్ని ఎట్లా చేయాలో వివరంగా రాసుకున్నవాళ్లకు మాత్రం, పని ఇంకా కాకముందే ఆ అలజడి తగ్గింది. కాబట్టి పడుకోబోయే ముందు రేపటి చదువు గురించి ఆ ఒక్క వాక్యం రాసి డైరీ మూసేయండి. మిగిలిపోయినవి లెక్కపెట్టుకోవద్దు.

ఏది ముందు చదవాలో కూడా చెప్తాను. డీఎస్సీలో పరీక్షకు 80 మార్కులు, టెట్‌కు 20 శాతం వెయిటేజి. 150కి 92 అంటే మీ చేతిలో ఇప్పుడున్నవి 12.27. మళ్లీ టెట్ రాసి 15 మార్కులు పెంచుకుంటే కలిసేది 2 మార్కులు. పాయింట్లలో తేడాతో పోస్టు పోయినవాళ్లను మీరూ చూసే ఉంటారు, 2 మార్కులంటే మాటలు కాదు. టెట్‌లో సోషల్‌కే 60 మార్కులున్నాయి కాబట్టి సబ్జెక్టుకు పెట్టిన గంట రెండు పరీక్షలకూ పనికొస్తుంది. మొదట అదే పట్టుకోండి. సైకాలజీ, ఇంగ్లీషు గ్రామర్ అన్నీ ఇప్పుడే చిట్టాకెక్కించకండి. అదే వాక్యం వరసగా మూడు రోజులు మిగిలిపోతే నాలుగో రోజు మళ్లీ రాయొద్దు. సగం పాఠాన్ని రెండు పేజీలు చేయండి, లేదా ఆ వేళను ఏ పని మింగేస్తున్నదో చూడండి.

అన్నిటికంటే నాకు ముఖ్యమనిపించింది ఇది. రొట్టెల పండగ జరిగే స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి, అంతమంది మధ్య ‘నాకు ఉద్యోగం కావాలి’ అని అడిగి ముక్కూమొగం తెలియని మనిషి చేతిలోంచి రొట్టె అందుకున్నారు. ఇంట్లోవాళ్ల దగ్గర మాత్రం ఆ కోరికను డైరీలో దాచారు. అత్తగారికి ఆ రాతలేందో తెలియదంటే తప్పు ఆమెది కాదు, ఎవరూ చెప్పలేదు. ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక, ఆయన గుంటల హడావిడిలో లేనప్పుడు, ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పండి: ‘పొద్దున 8.45 నుంచి 10 దాకా నేను చదువుకోవాలి. ఆ గంటంబావు నన్ను పిలవొద్దు. కూరగాయలు అత్తమ్మ తరిగిపెడితే నాకు పెద్ద సాయం. గ్యాసు, బిల్లులు మీరు ఫోన్లో చూసుకోండి.’ సాయం చేయమని బతిమాలినట్టు కాకుండా, పనులు పంచుకుంటున్నట్టు మాట్లాడండి. డైరీలో రాసే ఆ చదువు వాక్యాన్ని ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించండి. ‘ఇయ్యాళ చదివినావా?’ అని అత్తగారు అడగడం మొదలుపెడితే, మీ చదువు కోసం ఎదురుచూసే మనిషి ఒకరు దొరికినట్టే.

మొదటివారం అత్తగారు మరిచిపోయి పిలుస్తారు, ఆయన టీ అడుగుతారు. ‘పదింటికి వస్తా’ అని నెమ్మదిగా చెప్పి కూర్చోండి. లేచి వెళ్తే ఆ వేళ మీది కాదని వాళ్లకు అర్థమవుతుంది.

ఇదంతా చేశాక కూడా రెండు వారాలకు పైగా నిద్ర పట్టకపోయినా, దేనిమీదా మనసు నిలవకపోయినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.