ఏ పౌడర్ వాడాలని అడిగిన మేనల్లుడికి

అల్లుడూ,

మామయ్య ఆశీస్సులు. నీ 38 స్పెషల్ రివాల్వర్‌కి సొంతంగా తూటాలు కట్టుకోవడం మొదలుపెట్టావనీ, ఏ పౌడర్ (తూటాలో మండే మందుగుండు) వాడితే గుళ్ళన్నీ ఒకేచోట పడతాయో చెప్పమనీ రాశావు. దానికి ముందు ఒక మాట. నీకు గ్రీన్ కార్డు వచ్చింది సరే, నీతో ఉంటున్న కుర్రాడు ఇంకా హెచ్-1బీలోనే ఉన్నాడన్నావు కదా. వేట లైసెన్సు లాంటి మినహాయింపు ఏదీ లేకపోతే అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం అతని దగ్గర ఒక్క తూటా కూడా ఉండకూడదు. నీ సామాను తాళం వేసిన బీరువాలో పెట్టు, తాళంచెవి నీ దగ్గరే ఉంచుకో.

ఇక పౌడర్ సంగతి. ఎండు తాటాకు భగ్గుమంటుంది, తుమ్మ మొద్దు నిదానంగా రాజుకుంటుంది. పౌడర్లలోనూ ఆ తేడా ఉంది. బుల్స్‌ఐ, టైట్‌గ్రూప్ లాంటివి త్వరగా మండేవి. హెచ్110 నిదానంగా మండేది, 357 మాగ్నమ్, 44 మాగ్నమ్ లాంటి శక్తిమంతమైన తూటాల్లో కేసు (తూటా గొట్టం) దాదాపు నిండా పోసి, బరువైన బుల్లెట్ (ముందుకు దూసుకెళ్ళే గుండు) పెట్టి, కేసు అంచుని దాని చుట్టూ గట్టిగా నొక్కితేనే (క్రింప్ చేస్తేనే) సరిగ్గా మండుతుంది. దాన్ని తగ్గించి పోయవద్దని తయారీదారులే హెచ్చరిస్తారు. నువ్వు కాల్చేది 25 గజాల దూరంలో పెట్టిన కాగితం మీద, తక్కువ జోరున్న తూటాలతో. కాబట్టి అది నీకు అక్కర్లేదు. తక్కువ ఒత్తిడిలోనూ పూర్తిగా, ప్రతిసారీ ఒకేలా మండే పౌడరే నీకు కావాలి. 148 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత) వాడ్‌కట్టర్, అంటే ముందు భాగం చదునుగా ఉండే బుల్లెట్ వెనక బుల్స్‌ఐ పోసి టార్గెట్ షూటర్లు తరాల తరబడి పోటీలు ఆడింది ఇందుకే.

38 స్పెషల్ కేసుకి ఒక చిక్కుంది. నల్ల మందుగుండు కాలంలో, 1898 ప్రాంతంలో పుట్టింది కాబట్టి లోపల చోటు ఎక్కువ. ఇప్పటి పౌడర్ కాస్తంత పోస్తే అడుగున పడి ఉంటుంది. తుపాకీ కిందికి వంచి లేపితే అది బుల్లెట్ వైపు చేరుతుంది, పైకెత్తి దించితే ప్రైమర్ (కేసు అడుగున నిప్పు పుట్టించే బిళ్ళ) వైపు చేరుతుంది. కొన్ని పౌడర్లకి ఆ తేడాకే వేగం మారిపోతుంది. మూతి ఎప్పుడూ మట్టి దిబ్బ వైపే ఉంచి, రేంజ్ వాళ్ళు ఒప్పుకున్నంతలో రెండు రకాలుగానూ కాల్చి క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే పరికరం) చూడు. అంకెలు పెద్దగా కదలని పౌడర్‌ని దగ్గర పెట్టుకో.

అలాగని క్రోనోగ్రాఫ్ అంకెలకే అతుక్కుపోకు. లెక్క వేసి చూపిస్తాను. సెకనుకి 850 అడుగుల వేగంతో వెళ్ళే బుల్లెట్ 25 గజాల్లో సుమారు అంగుళంన్నర కిందికి దిగుతుంది. వేగం 800కి పడిపోతే 1.7 అంగుళాలు దిగుతుంది. తేడా అంగుళంలో అయిదో వంతు. 50 గజాలకి వెళ్తే ఆ తేడా ముప్పావు అంగుళం దాటుతుంది, అక్కడ పట్టించుకోవాల్సిందే. నువ్వు పంపిన కాగితం మీద గుళ్ళు నాలుగు అంగుళాల మేర చెదిరాయి. ఆ చెదురుకి వేగంలో తేడా ఒక్కటే కారణం కాదు. బుల్లెట్ వ్యాసం సిలిండర్ మూతికి సరిపోతోందో లేదో, ట్రిగ్గర్ మీద నీ వేలు ఎలా పనిచేస్తోందో ముందు చూసుకో.

పౌడర్ మెజర్‌లోంచి (ప్రతి కేసుకీ కొలిచి పోసే సాధనం) ఎలా జారుతుందన్నది చాలామంది పట్టించుకోరు. గుండ్రటి రేణువుల పౌడర్, ఉదాహరణకి హెచ్‌పీ-38, నీళ్ళలా జారి ప్రతిసారీ ఇంచుమించు ఒకే తూకం ఇస్తుంది. యునీక్ లాంటి పెద్ద రేకుల పౌడర్ మెజర్‌లో ఇరుక్కుని తూకం అటూఇటూ చేస్తుంది. నీలా కొత్తగా మొదలుపెట్టినవాడికి బాగా జారేది మేలు. కానీ కాస్తే పోసే పౌడర్‌తో ప్రమాదం కూడా అక్కడే ఉంది. 38 స్పెషల్ కేసులో పొరపాటున రెండుసార్లు పోసినా పొర్లదు, బుల్లెట్ దాని మీద చక్కగా కూర్చుంటుంది. అలాంటి తూటా తుపాకీని పగలగొట్టగలదు, చేతులు, కళ్ళు పోగొట్టగలదు. బుల్లెట్ పెట్టే ముందు ట్రేలో ఉన్న ప్రతి కేసులోకీ దీపం వేసి చూడు. ఈ పని ఏ రోజూ మానకు.

ఎంత పోయాలో నన్ను అడగకు. పౌడర్ తయారీదారు ప్రచురించిన పట్టిక చూడు, నీ బుల్లెట్‌కి అందులో రాసిన ప్రారంభ తూకంతో మొదలుపెట్టి, గరిష్ఠాన్ని ఎప్పుడూ దాటకు. బల్ల మీద ఒక్క డబ్బానే ఉంచు. ఒకసారి ఒక్కటే మార్చు. పౌడర్ మారిస్తే బుల్లెట్, ప్రైమర్ కదపకు. అయిదు గుళ్ళ గ్రూప్ (కాగితం మీద పడ్డ గుళ్ళ గుంపు) చూసి ఇదే మంచిదని తీర్మానించకు, అది అదృష్టం కూడా కావచ్చు. పదేసి గుళ్ళ గ్రూపులు, వేర్వేరు రోజుల్లో, బల్లకి ఆనించి కాల్చి పోల్చు.

ఇంకొకటి. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఈ విద్య అక్కడ ఎవరికీ చేసి చూపించకు. మన దేశపు 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. ఖాళీ కేసు ఒక్కటైనా సంచిలో మిగిలిపోలేదని విమానం ఎక్కే ముందు చూసుకో.

రెండు పౌడర్లతో కాల్చి చూసి, ఆ కాగితాలు ఫొటో తీసి పంపు, తూకం, తేదీ వాటి మీదే రాయి. బుల్లెట్ సైజు గురించి అవి చూశాక మాట్లాడదాం.

మీ మామయ్య