లగ్గం డీవీడీలు కంప్యూటర్‌లోకి ఎక్కించే ముందు

అల్లుడూ,

దేవరకొండ ఇంట్లో బీరువా సర్దుతుంటే సంచి నిండా సీడీలు, డీవీడీలు బయటపడ్డాయని, అన్నిటినీ నువ్వు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తానన్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మంచి పని. నల్లగొండలో స్టూడియో నడిపినన్నాళ్లూ లగ్గాలు షూట్ చేసి, మిక్సింగ్ చేసి, సీడీలు రైట్ చేసి ఇచ్చినవాణ్ని కదా, అందుకే రాస్తున్నా. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావు. ఇది పక్కన పెట్టుకుని పని మొదలుపెట్టు.

అందరూ రెండు పనుల్ని కలిపేసి ఒకటే చేస్తారు. డిస్కు పెట్టడం, చిన్న ఎంపీ4 ఫైల్ చేసుకోవడం, డిస్కు పారేయడం. అలా చేయకు. డిస్కులో ఉన్నది ఉన్నట్టు హార్డ్ డిస్క్‌లోకి దించుకోవడం ఒక పని. దాన్ని ఫోన్‌లో, టీవీలో చూసుకునేలా మార్చుకోవడం ఇంకో పని. తొందర మొదటిదానికే. రెండోది వచ్చే ఏడాది చేసినా నష్టం లేదు. చిన్న ఫైల్‌లో బొమ్మ పాడైందనో, ఒక భాగం రాలేదనో తర్వాత తెలిస్తే అసలు కాపీ చేతిలో ఉండాలి.

తొందర ఎందుకంటే, షాపులో కొన్న సినిమా డీవీడీ ఫ్యాక్టరీలో అచ్చు వేసింది. మేం రైట్ చేసి ఇచ్చినవి అలా కాదు. ప్లెయిన్ డిస్కులో ఒక రంగు పొర ఉంటుంది, రైటర్‌లోని లేజర్ దాన్ని కాల్చి గుర్తులు పెడుతుంది. వేడికి, ఎండకు ఆ రంగు మెల్లగా పాడవుతుంది. మన దగ్గర ఎండాకాలం 44, 45 డిగ్రీలు. పైన స్లాబు, కింద ఇనుప బీరువా. లోపల ఆ డిస్కులు ఇన్నేళ్లు ఎంత ఉడికి ఉంటాయో ఆలోచించు. పైకి ఒక్క గీత లేకపోయినా లోపల చచ్చిపోయిన డిస్కులు చాలా చూశాను. అందుకే ముందు ఇంట్లో రైట్ చేయించినవి తీయి: లగ్గాలు, ధోతి ఫంక్షన్, చెర్వుగట్టులో మీ తమ్ముడి పుట్టువెంట్రుకలు. కొన్న సినిమాలు సంచిలోనే ఉండనీ. వాటికి తాళం వేసి ఉంటుంది, దాన్ని విప్పడం చట్టంతో పెట్టుకోవడమే. పైగా ఆ సినిమాలు ఇంకో చోట దొరుకుతాయి. మీ చిన్నమ్మ లగ్గం ఇంకో చోట దొరకదు.

నీ లాప్‌టాప్‌లో డిస్కు పెట్టే చోటు ఉండదు కాబట్టి యూఎస్‌బీకి తగిలించే డీవీడీ డ్రైవ్ ఒకటి కొనుక్కో. ఎవరింట్లోనైనా పాత డెస్క్‌టాప్ మూలన పడి ఉంటే అది కూడా అడిగి పెట్టుకో. ఒక డ్రైవ్ చదవని డిస్కును ఇంకో డ్రైవ్ చదవడం మామూలే. ఇది నమ్మకం కాదు, ప్రతి డ్రైవ్ లేజర్‌కూ కొంత తేడా ఉంటుంది.

డిస్కును మెత్తటి పొడి బట్టతో మధ్య నుంచి అంచుకు నేరుగా తుడువు. గుండ్రంగా తిప్పి తుడిస్తే పడే గీత డేటా వెంబడే పోతుంది, అది ఎక్కువ ప్రమాదం. పసుపు, కుంకుమ, వేలిముద్రలు అంటుకుని ఉంటే కొంచెం సబ్బు నీళ్లు, తర్వాత మంచి నీళ్లు, ఆరాక పెట్టు. టూత్‌పేస్ట్ రుద్దమని ఎవరైనా చెబితే వినకు, అది అరగదీసే పని. సీడీకి ఇంకో సంగతి ఉంది. దాని డేటా పేరు రాసే వైపున పైపొర కిందనే ఉంటుంది. ఆ వైపు పెచ్చు లేచిందంటే అక్కడున్నది పోయినట్టే. డీవీడీలో డేటా రెండు ప్లాస్టిక్ పలకల మధ్య ఉంటుంది, కొంత నయం. కొన్నిటి మీద పెళ్లికొడుకు, పెళ్లికూతురి ఫోటోతో స్టిక్కర్ అంటించి ఉంటుంది. అది ఎంత వంకరగా లేచినా పీకకు.

ఇక దించుకోవడం. డీవీడీ తెరిస్తే వీడియో_టీఎస్ అనే ఫోల్డర్ కనిపిస్తుంది. అందులో వీఓబీ ఫైళ్లలోనే బొమ్మా, సౌండూ ఉంటాయి. ఒక్కోటి ఒక జీబీ దాటదు, అందుకే ఒకే లగ్గం నాలుగైదు ముక్కలుగా కనబడుతుంది. భయపడకు. ఒక్క వీఓబీ మాత్రం తీసుకుని మిగతావి వదిలేయకు, ఫోల్డర్ మొత్తం కాపీ చెయ్యి. డిస్కు మొత్తాన్ని ఒకే ఐఎస్ఓ ఫైల్‌గా తీసుకుంటే ఇంకా మంచిది, మెనూతో సహా వస్తుంది. విండోస్‌లో దాని మీద డబుల్ క్లిక్ చేస్తే డిస్కు పెట్టినట్టే తెరుచుకుంటుంది. మామూలు డీవీడీ 4.7 జీబీ. 1 టీబీ హార్డ్ డిస్క్‌లో నిండు డిస్కులు రెండు వందల పైనే పడతాయి. మీ సంచి మొత్తం పోసినా అది నిండదు. చోటు కోసం పిసినారితనం అక్కర్లేదు.

సంచిలో 2000ల మొదట్లోవి వీసీడీలు, అంటే సీడీ మీదే వీడియో ఎక్కించినవి, కూడా ఉంటాయి. వాటిలో ఎంపెగ్ఏవీ ఫోల్డర్‌లో డీఏటీ ఫైల్ ఉంటుంది. దాన్ని కాపీ చేసి వీఎల్‌సీ ప్లేయర్‌లో వేసి చూడు. వీసీడీ బొమ్మ 352 బై 288, డీవీడీది 720 బై 576. వీసీడీలో ముఖాలు పిండి రాసినట్టు కనిపిస్తాయి, దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు. అసలు లేని వివరాన్ని ఎక్కడి నుంచి తెస్తుంది?

కాపీ మధ్యలో ఆగి 'సైక్లిక్ రిడండెన్సీ' అని ఎర్రర్ వస్తే డిస్కు చదవడం లేదని అర్థం. మళ్లీ మళ్లీ అదే నొక్కుతూ కూర్చోకు. తుడిచి, రెండో డ్రైవ్‌లో పెట్టు. అయినా రాకపోతే ఐసోబస్టర్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది, లైనక్స్ వచ్చినవాళ్లు డీడీరెస్క్యూ వాడతారు. అవి చదవగలిగినంత తీసి, రాని చోట్లను వదిలి ముందుకు పోతాయి. మూడు గంటల లగ్గంలో అర నిమిషం పోతే పోనీ, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు దక్కాయి కదా. హ్యాండీక్యామ్‌లో పెట్టే చిన్న డిస్కులు ఉంటే అవి ఖాళీ అని చూపించినా పారేయకు. రికార్డ్ చేశాక ఫైనలైజ్, అంటే డిస్కును ముగించే చివరి పని, చేయకపోతే వేరే ప్లేయర్లకు అది ఖాళీగానే కనబడుతుంది. ఐసోబస్టర్ అలాంటివి చాలా వరకు తీస్తుంది.

అన్నీ దించుకున్నాకే మార్చడం. దీనికి రెండు దారులు. మేక్ఎంకేవీ అనే సాఫ్ట్‌వేర్ అయితే బొమ్మను మళ్లీ నొక్కకుండా, ఉన్నదున్నట్టు ఒకే ఎంకేవీ ఫైల్‌లో పెడుతుంది. నాణ్యత అణువంత కూడా పోదు, ఫైల్ మాత్రం పెద్దగానే ఉంటుంది. మామూలు సెట్టింగ్‌లో అది రెండు నిమిషాల కంటే చిన్న భాగాలను వదిలేస్తుంది, ఆ లెక్క తగ్గించుకో. స్టూడియో వాళ్లు ఎదురుకోళ్లో, ముగ్గురు ముసలమ్మలు కూర్చుని మాట్లాడుకునే ముక్కో విడిగా పెట్టి ఉంటారు, అది జారిపోతుంది.

చిన్న ఫైల్ కావాలంటే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్. ఇది ఉచితమే. 576పీ25 అని ఉన్న ప్రీసెట్లలో, అంటే ముందే అమర్చి ఉంచిన సెట్టింగుల్లో, హెచ్‌క్యూది పెట్టుకో. 25 అంటే మన పాల్ టీవీ పద్ధతిలో సెకనుకు వచ్చే ఫ్రేములు. కోడెక్, అంటే వీడియోను నొక్కే పద్ధతి, హెచ్.264 ఉంచు. హెచ్.265తో ఫైల్ ఇంకా తగ్గుతుంది గానీ మీ అమ్మమ్మ గదిలో ఉన్న పాత టీవీ దాన్ని ఆడించకపోవచ్చు. క్వాలిటీ ఆర్ఎఫ్ 18 నుంచి 20 మధ్య చాలు, అంకె తగ్గేకొద్దీ నాణ్యతా, ఫైల్ సైజూ పెరుగుతాయి. 1080పీకి పెంచమని మీ ఫ్రెండ్ చెప్పి ఉంటాడు. పెంచితే ఫైల్ లావెక్కుతుంది, ముఖం మాత్రం అదే. డిస్కులో భాగాలు నాలుగుంటే నాలుగూ క్యూలో వేశావో లేదో చూసుకో, అది పెద్దదాన్ని ఒక్కదాన్నే చూపించి ఊరుకుంటుంది.

ఇక్కడే ఒక్క సెట్టింగ్ మీద నీ సమయం పెట్టు. అప్పటి కెమెరాలు ఒక ఫ్రేమును రెండు సగాలుగా తీసేవి, సెకనుకు 50 సగాలు. పాత డబ్బా టీవీలో అది తెలిసేది కాదు. కంప్యూటర్‌లో చూస్తే బరాత్‌లో ఎగిరేవాళ్ల చేతుల చుట్టూ దువ్వెన పళ్ల లాంటి గీతలు వస్తాయి. హ్యాండ్‌బ్రేక్ ఫిల్టర్లలో డీఇంటర్లేస్ ఉంటుంది, యాడిఫ్ గానీ బీడబ్ల్యూడిఫ్ గానీ ఎంచుకుని బాబ్ పెట్టు, అది ఒక్కో సగాన్నీ ఒక్కో ఫ్రేముగా చేస్తుంది. ఆ ప్రీసెట్ ఫ్రేమ్‌రేట్‌ను 25కే ఆపుతుంది, దాన్ని 50కి మార్చు. అప్పుడు సెకనుకు 50 ఫ్రేములు వచ్చి కదలిక నున్నగా ఉంటుంది. ముందు బరాత్ ఉన్న ఒక్క చాప్టర్ మార్చి చూసుకుని, తర్వాత మొత్తం పెట్టు. బొమ్మ ఆకారం 4:3 అయితే అలాగే ఉంచు, పక్కల నల్లపట్టీలు వస్తే రానీ. టీవీ నిండాలని సాగదీస్తే అందరూ బలిసినట్టు కనబడతారు.

ఫైళ్లకు పేర్లు సంవత్సరంతో మొదలుపెట్టు: 2003-05 దేవరకొండ చిన్నమ్మ లగ్గం 01. అప్పుడు వరుసగా వాటంతటవే సర్దుకుంటాయి. బొమ్మ మూలన కెమెరా వేసిన తేదీని నమ్మకు. బ్యాటరీ తీసినప్పుడల్లా అది తప్పేది, మాలో సరిచేసుకునేవాళ్లు తక్కువ. శుభలేఖ వెతికి తేదీ చూడు, దొరికితే దాన్నీ ఫోటో తీసి అదే ఫోల్డర్‌లో పెట్టు.

పేరు పెట్టడం కంటే ముఖ్యమైంది ఇంకొకటి చెప్తా. పెద్దవాళ్లను కూర్చోబెట్టి చూపించు. మిక్సింగ్‌లో మేం చాలా చోట్ల సినిమా పాట ఎక్కించి అసలు మాటలు తీసేసేవాళ్లం, అప్పుడు అదే కోరేవాళ్లు. పాట ఎక్కించని చోట్లు కూడా ఉంటాయి, మైలపోలు దగ్గర, భోజనాల బంతి దగ్గర. అక్కడ మీ తాత గొంతు ఉంది, నాకు గుర్తే. ఎవరు ఎవరో అమ్మమ్మకే తెలుసు. ఏ నిమిషం దగ్గర ఎవరున్నారో ఆమె చెబుతుంటే ఒక నోట్‌బుక్‌లో రాసుకో. ఈ పని మాత్రం ఆగదు, ఆమెకు కళ్లు ఇంకా బాగానే కనబడుతున్నప్పుడే చెయ్యి.

అయ్యాక ఒక హార్డ్ డిస్క్ దేవరకొండలో, ఇంకోటి హైదరాబాద్‌లో నీ దగ్గర. రెండూ ఒకే బీరువాలో పెడితే రెండు ఉన్నట్టు కాదు. యూట్యూబ్‌లో పెడదామనుకుంటే, ఆ సినిమా పాటల వల్ల కాపీరైట్ క్లెయిమ్ పడి సౌండ్ పోవచ్చు, వీడియోనే ఆగిపోవచ్చు, దాన్ని దాచుకునే చోటు అనుకోకు. వాట్సాప్‌లో వీడియోగా పంపితే నొక్కి పిప్పి చేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపు. చుట్టాలకు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చేటప్పుడు 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కకపోతే పెన్‌డ్రైవ్ పాడైందనుకోకు, అది ఎఫ్ఏటీ32 అనే పాత ఫార్మాట్‌లో ఉండటం వల్ల. ఎక్స్‌ఫ్యాట్‌కు ఫార్మాట్ చేస్తే సరిపోతుంది. ముందు అందులో ఏమున్నాయో చూసుకో.

డిస్కులు ఇప్పుడే పారేయకు. ప్రతి ఫైల్‌నూ మొదట, మధ్యలో, చివర తెరిచి చూసి, రెండో కాపీ కూడా అయ్యాక అమ్మను అడిగి నిర్ణయించు. ఎటూ చదవనివి విడిగా ఒక కవర్‌లో పెట్టి నాకు పంపు, నా పాత డ్రైవ్‌లలో వేసి చూస్తా. మీ అమ్మా నాన్నల లగ్గం వీహెచ్ఎస్ క్యాసెట్ కూడా అక్కడే ఎక్కడో ఉండాలి. మీ దగ్గరున్న సీడీ దాని కాపీయే, అసలు బొమ్మ క్యాసెట్‌లోనే ఉంది. ఆ క్యాసెట్లు ఆడించే వీసీఆర్‌ల తయారీ 2016లో జపాన్ కంపెనీ ఫునాయ్ ఆపేయడంతో ఆఖరిది కూడా అయిపోయింది. నా వీసీఆర్ ఇంకా తిరుగుతోంది గానీ టేపు చదివే హెడ్ ఎన్నాళ్లుంటుందో చెప్పలేను. క్యాసెట్ దొరికితే ఏ ప్లేయర్‌లోనూ వేసి చూడకుండా, టేపుకు ఫంగస్ పట్టిందో లేదో క్యాసెట్ మీదున్న కిటికీలోంచి చూసి, దసరాకు వచ్చేటప్పుడు తీసుకురా.

ఇట్లు,
మీ మామ
నల్లగొండ