అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఫిలడెల్ఫియా ఈగిల్స్ డిఫెన్సివ్ లైన్ (ఎదుటి జట్టులో పాసులు విసిరేవాడి మీదికెళ్లే ముందు వరుస) 2025 సీజన్‌లోనూ అదే ఊపు చూపిస్తుందా?
బాగానే ఆడతారు, కానీ మొన్నటంత కాదనే నా లెక్క. 2025 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో (అంటే లీగ్ ఫైనల్లో) ఫిలడెల్ఫియా 40-22తో కాన్సస్ సిటీని ఓడించినప్పుడు వాళ్ల పాసులు విసిరే మహోమ్స్‌ను 6 సార్లు పడగొట్టారు, అదీ ఒక్క బ్లిట్జ్ (వెనకవాళ్లని కూడా మీదికి పంపడం) లేకుండా, అంటే ముందున్న నలుగురే మీదికెళ్లి పని కానిచ్చేస్తుంటే మిగతా ఏడుగురూ వెనక పాసులకి కాపలా కాశారు. ఆ 6లో నాలుగున్నర జాష్ స్వెట్, మిల్టన్ విలియమ్స్‌లవే (అర అంటే ఇంకొకరితో కలిసి పడగొట్టింది). ఇద్దరూ వేరే జట్లకి వెళ్లిపోయారు, ఒకరు అరిజోనాకి, ఇంకొకరు న్యూ ఇంగ్లండ్‌కి. అదే లైన్‌లో జేలెన్ కార్టర్ ఉన్నాడుగా అంటారా? ఉన్నాడు, అతన్ని ఆపడానికే ఎదుటివాళ్లు ఇద్దరిని పెడతారు, కానీ అలా దొరికిన సందులో దూరే పక్కవాడు గట్టివాడు కావాలి కదా. లైన్‌లో మిగిలిన నోలన్ స్మిత్, జేలిక్స్ హంట్ ఆ పని చేస్తే సరే, లేకపోతే బ్లిట్జ్‌లు మొదలెట్టక తప్పదు.