మదనపల్లె కళాశాలలో పనిచేసిన కజిన్స్ దంపతులు ఎవరు?

జేమ్స్ కజిన్స్ 1873లో బెల్ఫాస్ట్‌లో పుట్టిన ఐరిష్ కవి, నాటక రచయిత. భార్య మార్గరెట్ సంగీతం చదువుకున్న మనిషి. స్త్రీల ఓటు హక్కు కోసం పోరాడి జైలుకు వెళ్లివచ్చింది. 1904లో, తర్వాత ప్రసిద్ధ నవలాకారుడైన, అప్పటికింకా ఎవరికీ తెలియని కుర్రవాడు జేమ్స్ జాయిస్ డబ్లిన్‌లో కొద్దిరోజులు తలదాచుకున్నది వీళ్లింట్లోనే.

దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) నాయకురాలు అనీ బిసెంట్ పిలుపుతో 1915లో ఇద్దరూ మద్రాసు వచ్చారు. మరుసటి ఏడాది ఐర్లండ్ తిరుగుబాటును మెచ్చుకుంటూ రాసినందుకు మద్రాసులో ఒక పత్రికలో కజిన్స్ చేస్తున్న ఉద్యోగం పోయింది. అలా ఆయన నాటి చిత్తూరు జిల్లా మదనపల్లెలోని దివ్యజ్ఞాన కళాశాలకు చేరారు. నన్నడిగితే, ఆ ఉద్యోగం ఊడటం మన అదృష్టం.

చదువులో కవిత్వానికి, చిత్రకళకు పాఠ్యపుస్తకాలతో సమానమైన చోటు ఉండాలన్నది ఆయన పట్టుదల. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ అతిథిగా వచ్చి, ఒక సాయంత్రం విద్యార్థుల ముందు 'జనగణమన' పాడారు. పిల్లలు పల్లవి అందుకున్నారు. మార్గరెట్ బాణీని స్వరపరిచి రాసిపెట్టింది. ఠాగూర్ అక్కడే దాన్ని ఇంగ్లీషులోకి అనువదించారు. గీతమే మదనపల్లెలో పుట్టిందని కొందరంటారు, అది పొరపాటు. 1911 డిసెంబరులోనే కలకత్తా కాంగ్రెస్ సభలో దాన్ని పాడారు.

మార్గరెట్‌ను కజిన్స్ భార్యగా మాత్రమే గుర్తుంచుకోవడం అన్యాయం. 1927లో మొదలైన అఖిల భారత మహిళా సభ వెనుక ఆమె కృషే ప్రధానం. దంపతులు కలిసి రాసుకున్న ఆత్మకథ 1950లో వెలువడింది. ఆమె 1954లో కన్నుమూసింది. ఆయన 1956లో మదనపల్లెలోనే కన్నుమూశారు.