హంతకుడెవరో అందరికీ తెలిసిన కథని సినిమాగా రాయాలంటే

అమ్మడూ,

నీ మెసేజ్ రాత్రెప్పుడో వచ్చినట్టుంది, పొద్దున కాఫీ తాగుతూ చూశాను. ఆ పాత డిటెక్టివ్ నవలని సినిమాకి రాయమని నీకిచ్చారంటే సంతోషమే. కానీ ఒక ప్రశ్న అడిగావు చూడు, "మామయ్యా, అమ్మమ్మ దగ్గర్నుంచి అందరూ చదివేసిన పుస్తకం, హంతకుడెవరో సగం ఊరికి తెలుసు, ఇంక సస్పెన్స్ ఎక్కడేడ్చింది?" అని, దానికి ఫోన్లో చెప్తే సగం చెప్పి సగం మర్చిపోతాను. అందుకే రాస్తున్నా.

నేను ఇంటర్ చదివే రోజుల్లో మా వీధి చివర అద్దె పుస్తకాల షాపు ఉండేది. డిటెక్టివ్ నవల తెచ్చుకుంటే ఒక గండం ఉండేది. మనకంటే ముందు చదివిన మహానుభావుడెవడో మొదటి పేజీలోనే బాల్‌పెన్‌తో "హంతకుడు డాక్టరు" అని రాసి పెట్టేవాడు. ఒకసారి అలాంటి కాపీయే నా చేతికొచ్చింది. వెనక్కిచ్చేద్దామని వెళితే షాపు మూసేసి ఉంది. సరే కానీ అని మొదలుపెట్టి తెల్లవారుజాము దాకా చదివాను. ఆ డాక్టరు థర్మామీటరు విదిలించి పేషెంటు నోట్లో పెట్టడం లాంటి మామూలు ముక్క దగ్గర కూడా నాకు గొంతు తడారిపోయింది, ఎందుకంటే ఆ గదిలో ఎవరికీ తెలియంది నాకు తెలుసు. నీకు జవాబు అదే. పేరు దాచడం మీద సినిమా కట్టకు, పేరు తెలిసినవాడు కూడా సీట్లోంచి లేవలేనట్టు కట్టు.

ఇది ఎలా చేస్తారో చూడాలంటే డేవిడ్ ఫించర్ తీసిన 'ద గర్ల్ విత్ ద డ్రాగన్ టాటూ' పెట్టుకో. చూశానంటావు. మళ్ళీ చూడు, ఈసారి స్టీగ్ లార్సన్ నవల పక్కన పెట్టుకుని. (ఇక్కడ్నుంచి అన్నీ స్పాయిలర్లే, నీ స్నేహితురాళ్ళకి ఫార్వర్డ్ చేసేముందు ఆ మాట చెప్పు.) నీ కష్టం ఆ సినిమా తీసినవాళ్ళకి పదింతలుండేది. నవల 2005లో స్వీడన్‌లో వచ్చి ప్రపంచమంతా అమ్ముడుపోయింది, 2009లో స్వీడిష్ భాషలోనే ఒక సినిమా వచ్చేసింది, అదీ బాగానే ఆడింది. 2011లో ఫించర్, స్క్రీన్‌ప్లే రాసిన స్టీవెన్ జైలియన్ మళ్ళీ అదే కథ చెప్పాలి. దాచడానికి ఏం మిగిలింది?

కథ నీకు తెలిసిందే. 1966లో వాంగర్ల ఇంటి పిల్ల హారియెట్ ఒక దీవి మీద మాయమైంది. ఆ రోజు వంతెన మీద ట్యాంకర్ యాక్సిడెంట్ అయి రాకపోకలు ఆగిపోయాయి, కాబట్టి చేసినవాడు దీవిలోనే ఉండాలి. దాదాపు నలభై ఏళ్ళ తర్వాత ఆ ఇంటి పెద్దాయన ఒక జర్నలిస్టుని పిలిపించి తవ్వమంటాడు. ఇప్పుడు రెండు క్లూలు పక్కపక్కన పెట్టి చూడు. మొదటిది హారియెట్ రాసుకున్న ఐదంకెల నంబర్లు. అందరూ ఫోన్ నంబర్లనుకుంటారు, నిజానికి అవి బైబిల్‌లో లేవీయకాండం అధ్యాయాలు, వచనాలు. నవలలో జర్నలిస్టు కూతురు వచ్చి అనుకోకుండా నోరుజారితే విషయం బయటపడుతుంది, ఫించర్ కూడా అలాగే ఉంచాడు. స్వీడిష్ వాళ్ళేమో ఆ పని లిస్బెత్‌కిచ్చారు, కథానాయిక, కంప్యూటర్ హ్యాకర్, ఆ అమ్మాయే పట్టేసి జర్నలిస్టుకి ఈమెయిల్ పంపిస్తుంది. నా ఓటు స్వీడిష్ వాళ్ళకి. ఎందుకంటే క్లూ గాల్లోంచి ఊడిపడకుండా ఒక పాత్ర తెలివిలోంచి వచ్చింది, పైగా దాంతోనే ఇద్దరికీ ముడిపడింది.

రెండో క్లూ ఫోటోలు, అసలు సినిమా అంతా అక్కడే ఉంది. ఊళ్ళో ఊరేగింపు జరుగుతుంటే పేపరు ఫోటోగ్రాఫర్ వరసగా తీసినవి. జర్నలిస్టు వాటిని కంప్యూటర్‌లో ఒకదాని తర్వాత ఒకటి నొక్కుకుంటూ పోతాడు. జనమంతా ఊరేగింపు వైపు నవ్వుతూ చూస్తుంటే హారియెట్ ఒక్కతీ తల తిప్పి రోడ్డుకి అవతలి వైపు చూస్తుంది, మొహం మాడిపోతుంది. అంతే. డైలాగ్ లేదు. ఎవర్ని చూసిందో కెమెరాకి తెలీదు, కాబట్టి ఆ పిల్ల చూసిన వైపుని ఎవరైనా ఫోటో తీశారేమో వెతకాలి, వెతికితే హారియెట్ వాళ్ళ వెనకాలే ఇంకో ఆడమనిషి కెమెరా పట్టుకుని కనిపిస్తుంది. నవలలో ఇది పేజీలకి పేజీలు నడుస్తుంది, తెర మీద కళ్ళతోనే అర్థమైపోతుంది. హంతకుడెవరో తెలిసినవాడు కూడా ఆ పిల్ల మొహం మారడం చూసి ఒక్క క్షణం ఊపిరి బిగపడతాడు. నీ నవలలో కూడా ఇలా కంటికి కనిపించే క్లూ ఒకటుంటుంది, దాన్ని వెతుకు. మిగతావన్నీ డిటెక్టివ్ కుర్చీలో కూర్చుని వివరించేవే అయితే సగం పక్కన పడెయ్యి.

ఇంకొకటి, ఫించర్ సినిమాలోదే. హంతకుడి ఇంట్లోంచి జర్నలిస్టు జారుకుంటుంటే వాడు చూస్తాడు. చూసి కోప్పడడు, లోపలికొచ్చి ఓ డ్రింక్ తాగి వెళ్ళమంటాడు. ఇతనికి విషయం అర్థమైపోయింది, పారిపోవచ్చు, కానీ మొహమాటానికి లోపలికెళ్తాడు! తర్వాత వాడే ఎగతాళి చేస్తాడు, నొప్పి కన్నా ఎదుటివాడు నొచ్చుకుంటాడన్న భయమే మనుషులకి ఎక్కువని. మన ఇళ్ళలో "కాఫీ తాగి వెళ్ళండి" అంటే కాదని గుమ్మం దాటడం ఎంత కష్టమో నీకు నేను చెప్పాలా. సస్పెన్స్ అంటే అది, ప్రేక్షకుడికి తెలుసు, హీరోకీ తెలుసు, అయినా కాళ్ళు లోపలికే పోతున్నాయి.

నటుల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. పుస్తకంలో హంతకుడికి మొహం ఉండదు, సినిమాలో ఉంటుంది. పేరున్న నటుణ్ణి పట్టుకొచ్చి చిన్న వేషంలో నవ్వుతూ కూర్చోబెడితే టీజర్‌కే జనం కామెంట్లలో పేరు రాసేస్తారు. దానికి టెన్షన్ పడకు, రాసుకోనీ.

ఇక నేను చేసిన తప్పు. చాలా ఏళ్ళ కిందట ఒక నవలని సినిమాగా మలిచే సిట్టింగ్స్‌లో, అంటే కథ చర్చల్లో, కూర్చున్నాను. అప్పటి మన నవలలు చాలావరకు వారపత్రికల్లో సీరియల్‌గా వచ్చినవే కదా, ప్రతివారం చివర ఒక మెలిక పెట్టి వదలాలి, లేకపోతే పాఠకుడు పై వారం కొనడు. నేను ఆ ముప్పై మెలికలూ భక్తిగా సీన్ ఆర్డర్‌లోకి, అంటే ఏ సీను తర్వాత ఏదో రాసుకునే వరసలోకి, ఎక్కించాను. నేరేషన్‌లో, అదే కథ చదివి వినిపించేటప్పుడు, పదో మెలిక దగ్గర నిర్మాత నాకు నిద్రొస్తోందన్నాడు, నిజంగానే పడుకున్నాడు. అప్పుడు ఆయన మీద కోపమొచ్చింది గానీ తప్పు నాదే. వారానికొకటి చదివితే మెలిక, రెండున్నర గంటల్లో అన్నీ వరసగా వేస్తే జాతరలో రంగులరాట్నం. నీ పుస్తకంలో మూడో నాలుగో ఉంచుకో.

తీసెయ్యడానికి భయపడకు. లార్సన్ నవలలో జర్నలిస్టు మధ్యలో జైలుకెళ్ళి వస్తాడు, పరిశోధన అక్కడ ఆగిపోతుంది. స్వీడిష్ సినిమా ఆ జైలుని చివరికి జరిపింది, ఫించర్ పూర్తిగా ఎత్తేశాడు. నవలలో హారియెట్ బతికే ఉండి, ఆస్ట్రేలియాలో గొర్రెల ఫారం నడుపుతూ దొరుకుతుంది. ఫించర్ సినిమాలో లండన్‌లో ఉంటుంది, అదీ ఇంకో పేరుతో, జర్నలిస్టు అంతకుముందే వెళ్ళి మాట్లాడొచ్చిన మనిషే! పుస్తకం ప్రేమికులు గొడవ చేశారు. నాకైతే నచ్చింది, జవాబు హీరో ఒకసారి ఎదురుగా కూర్చుని వచ్చిన చోటే ఉంది. నవల చివర్లో లిస్బెత్ అతని కోసం ఎల్విస్ బొమ్మున్న రేకు బోర్డు కొంటుంది, సినిమాలో అది లెదర్ జాకెట్ అయింది. మిస్టరీ తేలిపోయాక సినిమా కొంత లాగ్ అన్నమాట నిజమే, కానీ ఆ జాకెట్‌ని ఆ పిల్ల చెత్తకుండీలోకి విసిరి బైక్ ఎక్కే సీను కోసం నేను భరించాను.

హింస దగ్గర జాగ్రత్త. మన సెన్సార్ వాళ్ళు కట్స్ చెబితే ఫించర్ ఒప్పుకోలేదు, 2012లో ఆ సినిమా ఇక్కడ థియేటర్లకి రానేలేదు. ఆయన మొండితనం నీకు చెల్లదు. కానీ అది కాదు నా బాధ. నీ నవలలో ఆడపిల్లల మీద జరిగే ఘోరాలు ఆ కాలంలో కొంచెం లొట్టలేస్తూ రాసినట్టే ఉంటాయి. ఆ సీన్లు రాసేటప్పుడు కెమెరా ఆ అమ్మాయి పక్కన నిలబడిందా, లేక కిటికీలోంచి తొంగిచూస్తోందా అని నిన్ను నువ్వే అడుగు.

కలం పట్టేముందు హక్కుల కాగితం చూశావా? నవ్వకు. మన చట్టంలో రచయిత పోయాక కూడా 60 ఏళ్ళు హక్కులుంటాయి, అవి వారసులవి. లార్సన్ తన పుస్తకం అచ్చులో చూసుకోకుండానే 2004లో పోయాడు, చెల్లే విల్లు లేదు, ముప్పై ఏళ్ళు కలిసి బతికినావిడతో పెళ్ళి కాలేదు, కాబట్టి అంతా తండ్రికీ తమ్ముడికీ వెళ్ళింది, ఆవిడకి ఏమీ రాలేదు. నా ఎరికలోనే ఒక సినిమా, రచయిత కొడుకు నోటిమాట మీద మొదలుపెట్టారు, నాలుగు నెలల పని అయ్యాక కూతురు నోటీసు పంపింది. అందరి సంతకాలూ ఉన్నాయో లేదో, సినిమాకీ ఓటీటీకీ విడివిడిగా రాశారో లేదో నీ కళ్ళతో చూసుకో, ప్రొడక్షన్ వాళ్ళు చూసుకుంటారులే అనుకోకు.

నవలని ముందు ఒక్క బిగిన చదివి మూసెయ్. రెండోసారి చివరి అధ్యాయం నుంచి వెనక్కి రా, ప్రతి సీన్లో హంతకుడు ఆ టైముకి ఏం చేస్తున్నాడో మార్జిన్‌లో రాసుకో, రచయిత రాయకపోయినా నువ్వు రాయి. నీ మంచి సీన్లు అక్కడే దొరుకుతాయి.

సీన్ ఆర్డర్ అయ్యాక పీడీఎఫ్ పంపకు, ఫోన్లో అక్షరాలు నాకు చీమల్లా కనిపిస్తాయి. ఓ ఆదివారం ఇంటికొచ్చెయ్, నేరేషన్ మీ అత్తయ్యకివ్వు. ఆ నవల ఆవిడ రెండుసార్లు చదివింది, హంతకుడి పేరే కాదు వాడి కుక్క పేరు కూడా చెబుతుంది. ఆవిడ స్టవ్ కట్టేసి వచ్చి నీ ఎదురుగా కూర్చుంటే సరే. పోపు వేసుకుంటూ "ఊఁ, చెప్పు చెప్పు" అందనుకో, ఆ సీను మళ్ళీ రాయి.

మీ మామయ్య