పాత ఉప్పునీటి అక్వేరియానికి రెఫ్యూజియం

ప్రశ్న: మూడేళ్లుగా నడుస్తున్న మా 300 లీటర్ల ఉప్పునీటి అక్వేరియంలో నైట్రేటు తగ్గడం లేదు, రాళ్లపై నాచు పెరుగుతోంది. కింది సంపులో (తొట్టి కింద ఉండే వడపోత తొట్టిలో) రెఫ్యూజియం ఏర్పాటు చేయవచ్చునా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: తప్పక చేయవచ్చును. రెఫ్యూజియం అంటే చేపల నోటికి అందకుండా సముద్రపు నాచును, కోపిపాడ్ల వంటి అతిచిన్న రొయ్యజాతి జీవులను పెంచే ప్రత్యేకమైన అర. అందులో కీటోమార్ఫా నాచును వేసి, అది గుప్పెడు నుండి బంతి పరిమాణానికి ఎదిగినప్పుడల్లా కొంత తీసివేయండి. నీటి నుండి అది పీల్చుకున్న నైట్రేటు, ఫాస్ఫేటు అలా బయటకు తీసినప్పుడే నిజంగా తొలగిపోతాయి కాబట్టి, కోత మానేస్తే ఫలితం ఉండదు. కాలర్పా నాచు చూడముచ్చటగా ఉన్నా, ఒక్కోసారి బీజకణాలను వదిలి హఠాత్తుగా చనిపోయి, కూడబెట్టిన పోషకాలన్నిటినీ తిరిగి నీటిలోకి వదులుతుంది గనుక నేను దానిని సిఫారసు చేయను. పైతొట్టి దీపం ఆరిన వేళ ఈ అర దీపం వెలిగేలా అమర్చితే, రాత్రి పూట పీహెచ్ పడిపోవడం కొంత తగ్గుతుంది.

పాత తొట్టిలోని ఇసుకను కెలికి ఇందులోకి మార్చవద్దు, పేరుకున్న మలినాలు ఒక్కసారిగా నీటిలో కలుస్తాయి. మునుపు చేపల జబ్బుకు రాగి మందు వాడి ఉంటే ముందుగా నీటిలో రాగిని పరీక్షించండి. కోపిపాడ్లు దానిని తట్టుకోలేవు. కరెంటు పోయినప్పుడు పైనుండి దిగివచ్చే నీటికి సంపులో చోటు మిగిలేలా కూడా చూసుకోండి. కోసిన నాచును మాత్రం, సముద్రం పక్కనే ఉంది కదా అని అందులో వేయకండి, ఎండబెట్టి చెత్తలో పారవేయండి.